తనంతట తానే మూసుకునే తలుపు

ఆ శనివారం పొద్దున లేస్తూనే సుందరమ్మ ఆ రోజు పనులన్నీ వరుసగా అనుకుంది. తొమ్మిదింటికల్లా వడ్రంగి ఓదెలు వచ్చి లోపలి గదికి కొత్త తలుపు బిగిస్తాడు. పదింటికల్లా నేల కడగడం అయిపోతుంది. ఆ తర్వాత కత్తెరలూ గిన్నెలూ మరిగే నీళ్ళలో వేసి తీసి, తెల్లగుడ్డ మీద ఆరబెట్టవచ్చు. పన్నెండింటికి సికింద్రాబాదు నుంచి పెద్ద డాక్టరు దేవసహాయంగారు వస్తారు. చూస్తారు, మెచ్చుకుంటారు, వెళ్ళిపోతారు. ఇందులో ఎక్కడా ఎవరి ముక్కుకూ దెబ్బ తగిలే ప్రసక్తి లేదు.

సుందరమ్మ కాన్పుల నర్సు. కంటోన్మెంటు వైపు ఒక దవాఖానలో పదిహేనేళ్ళు పనిచేసింది. క్రైస్తవ మిషను వాళ్ళు శామీర్‌పేటలో రెండు గదుల కాన్పుల దవాఖాన పెడతామంటే, అడిగి మరీ వచ్చింది. ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలల్లో ఆమె చేతి మీద నాలుగు కాన్పులు జరిగాయి. వాటిలో ఒకటి మేకది. ఊళ్ళో ఆడవాళ్ళంతా ఎప్పటిలాగే మంత్రసాని బుచ్చమ్మనే పిలుచుకుంటున్నారు. ఎవరూ రాని దవాఖానను రైలు సౌకర్యమున్న మేడ్చలుకు మార్చాలనుకుంటున్నామనీ, డాక్టరుగారు స్వయంగా చూసి తేలుస్తారనీ పోయిన నెల మిషను నుంచి ఉత్తరం వచ్చింది.

అది చదివి కన్నీళ్ళు పెట్టుకునే మనిషి కాదు సుందరమ్మ. జనం ఎందుకు రావడంలేదో ఇంటింటికీ తిరిగి అడిగింది. అందరూ నసిగారు. నెలలు నిండుతున్న బాలమణి ఒక్కతే సూటిగా చెప్పింది.

"నీ చెయ్యి మంచిదే నర్సమ్మా. గని నీ తలుపు మంచిగ లేదు. ఎప్పుడు జూసినా బార్ల తెరిసే ఉంటది. వరండల మొగోళ్ళు కూసోని ముచ్చట్లు పెడుతుంటరు. ఊరు ముంగట కనాల్నా నేను?"

సుందరమ్మ తిరిగి వచ్చి ఆ తలుపును కొత్తగా చూసింది. ఒంటి రెక్క, పైన గొలుసు, కింద ఎత్తు గడప. తెరవాలంటే రెండు చేతులూ కావాలి. మూయాలంటే మూయాలన్న జ్ఞాపకం కావాలి. వచ్చిపోయేవాళ్ళలో అది ఒక్కరికీ లేదు. వేడినీళ్ళ గిన్నెతో వచ్చిన ప్రతిసారీ తనకే గిన్నె కింద పెట్టి, గొలుసు తీసి, మళ్ళీ గిన్నె ఎత్తుకోవలసి వస్తోంది. పెద్ద దవాఖానలో ఇట్లా ఉండేది కాదు. అక్కడి తలుపు భుజంతో తోస్తే ఎటువైపుకైనా తెరుచుకునేది. వదిలితే తనంతట తానే మూసుకునేది.

కౌకూరు దగ్గర ఒక పాత బంగళాను కూలగొడుతున్నారని తెలిసి, సుందరమ్మ బండి కట్టించుకుని వెళ్ళి, భోజనాల గది తలుపుకున్న స్ప్రింగు బందులు విప్పించుకుని వచ్చింది. వాటిని ఓదెలు చేతిలో పెట్టి, తనకేం కావాలో చెప్పింది.

ఓదెలు ఆ ఊరి తలుపులన్నింటికీ తండ్రిలాంటివాడు. అతను బందులను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తలుపుల ముచ్చట నాకు జెప్పకు నర్సమ్మా. ఇంటికైతే రెండు రెక్కలు, లోపటికే తెరుసుకోవాలె, వచ్చెటోన్ని రమ్మన్నట్టుండాలె. వడ్ల అర్రకు కురుస తలుపు, దొంగోడు మూటతోని ఉరకకుంట. పటేలు ఇంటికి పెద్ద తలుపు, అండ్ల ఒక్క మనిషి పట్టేటంత దిడ్డి. గుర్రాల కొట్టానికి నడుముకాడ రెండు తునకలు జేసిన తలుపు, మీదిది తెరిస్తే గాలొస్తది, కిందిది మూస్తే గుర్రం పోదు. బర్ల కొట్టానికి తడక. గిది దేనికి? గడప లేదు, గడియ లేదు. గిది తలుపు గాదు, ఊయల."

"ఊయలనే అనుకో. శనివారం పొద్దుగాల బిగించు" అంది సుందరమ్మ.

అన్న మాట ప్రకారం ఓదెలు శనివారం వచ్చాడు. గడప తీసేసి తలుపు నిలబెట్టాడు. అతనిది మంచి మనసు. రోజుకు నూరుసార్లు తోసేసరికి నర్సమ్మ భుజం నొస్తుందని తలుపును పలచని మామిడి పలకలతో తేలికగా చేశాడు. ఆ బందులు మాత్రం ఇద్దరు మనుషులు ఎత్తలేని టేకు తలుపు కోసం పుట్టినవి. తేలిక తలుపును అవి ఎంత జోరుగా తిప్పికొడతాయో అతనికీ తెలియదు, ఆమెకూ తెలియదు.

బిగించడం అయ్యాక ఓదెలు వేలితో తోశాడు. తలుపు సుతారంగా తెరుచుకుంది. లోపలికి రెండడుగులు వేసి, తన పనితనం చూసుకుందామని వెనక్కి తిరిగాడు. అదే క్షణంలో తలుపు కూడా వెనక్కి తిరిగింది.

సుందరమ్మ ముందు గదిలోంచి వచ్చేసరికి ఓదెలు నేల మీద కూర్చుని ముక్కు పట్టుకుని ఉన్నాడు.

"మూసుకుంటాందా?" అని అడిగింది ఆమె, ముందు తలుపును చూసి.

"మస్తుగ మూసుకుంటాంది" అన్నాడు ఓదెలు.

రెండు ముక్కు రంధ్రాల్లోనూ దూది పెట్టి, తడిగుడ్డ ఇచ్చి, సుందరమ్మ అతన్ని వరండాలో కూర్చోబెట్టింది. కళ్ళ నీళ్ళు ఆగాక స్ప్రింగు వదులు చేయమంది. అప్పుడే నీళ్ళ కడవతో అటు వెళ్తున్న సిద్దమ్మ అతని చొక్కా మీద రక్తం చూసి ఆగింది.

"ఏమైందే ఓదెలన్నా?"

"నర్సమ్మది తలుపు తన్నింది" అని చెప్పబోయాడు ఓదెలు. ముక్కులో దూది ఉంది, నోటికి తడిగుడ్డ అడ్డం ఉంది. సిద్దమ్మకు వినిపించింది రెండే మాటలు: నర్సమ్మ, తన్నింది.

సిద్దమ్మ కడవ దించకుండానే సగం ఊరికి ఈ వార్త చేరవేసింది. ఊరి పటేలు, పర్వతాలు అనే ఆయన దగ్గరికి వెళ్ళేసరికి అది ఇంకొంచెం పెరిగింది. ఓదెలును అతని సుత్తితోనే నర్సమ్మ కొట్టిందని ఆయనతో చెప్పారు. దవాఖాన నడుస్తున్న ఇల్లు పటేలుదే. ఆయన మీసం సవరించుకుని, చేతికర్ర పట్టుకుని, ఇద్దరు మనుషులను వెంటబెట్టుకుని బయలుదేరాడు. ఏం జరుగుతుందో చూద్దామని సిద్దమ్మ వాళ్ళ వెనకే వచ్చింది.

సుందరమ్మ అప్పుడు లోపలి గదిలో నేల కడుగుతోంది. ముందు గదిలో కర్ర చప్పుడు విని గట్టిగా చెప్పింది.

"పటేలా, జర ఆగుండ్రి. తలుపు కొత్తది, దాన్ని ఎట్ల తియ్యాల్నంటే..."

"నా ఇంట్ల నాకు తలుపు తీసుడు నేర్పుతున్నవా?" అంటూ పటేలు కర్రతో తలుపును ఒక్క పోటు పొడిచాడు. కోపంగా తోసిన తలుపు కోపంగానే వెళ్ళి గోడను తాకింది. పటేలు అడుగు ముందుకు వేసి, "ఆడది మొగోన్ని కొట్టుడేంది మా ఊర్ల" అని అడగబోయి, ఆడది అన్నంత వరకే అనగలిగాడు.

పటేలు పడిన చప్పుడు విని మనుషులిద్దరూ ఒకేసారి తలుపు మీదికి ఉరికారు. ముందున్నవాడు తోసుకుని లోపలికి వెళ్ళాడు. వెనకున్నవాడి వంతు తలుపు తిరుగు ప్రయాణంలో వచ్చింది. పడిన తోడును చూద్దామని మొదటివాడు గిరుక్కున తిరిగాడు. తలుపు అతన్ని కూడా మరిచిపోలేదు. తరువాత సిద్దమ్మ తల ఒక్కటి లోపలికి పెట్టి చూసింది. అదీ ఎక్కువసేపు కాదు.

ఇక మిగిలింది బుచ్చమ్మ. దవాఖాన ఎత్తేస్తున్నారని ఎవరో చెబితే, కళ్ళారా చూద్దామని ముసలామె కర్ర పొడుచుకుంటూ వచ్చింది. పెద్దామె అన్న గౌరవంతో పటేలు మనిషి ఒకడు ఆమె కోసం తలుపు తెరిచి పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉంటే బాగుండేది. ఆమె నడుస్తుండగా చేతులెత్తి దండం పెట్టాడు.

పదకొండు గంటలకు వరండాలో ఆరుగురు తడిగుడ్డలు ముక్కులకు అద్దుకుని వరుసగా కూర్చున్నారు. ఎనిమిది నెలల్లో మొదటిసారి అయోడిన్ సీసా సగానికి దిగింది. సుందరమ్మ తల పట్టుకుని ఒక నిమిషం నిలబడి, రెండో నిమిషంలో ఓదెలు సంచిలోంచి మర తిప్పే పుల్ల తీసుకుని తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఇంకో గంటలో డాక్టరు వస్తారు. పాత తలుపే నయం. ఒక మర విప్పింది.

అంతలో వాకిట్లో ఎడ్లబండి ఆగింది. లోపల బాలమణి పళ్ళు బిగించి పడుకుని ఉంది. పక్కన మొగుడు ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. బాలమణి తల ఎత్తి వరండాలోని జనాన్ని చూసింది.

"మళ్ళ గిదే. గింతమంది ముంగట నేను దిగ. బండి తిప్పుండ్రి."

సుందరమ్మ బండి దగ్గరికి వెళ్ళింది. "బాలమణీ, ఆ తలుపు అవతలికి ఒక్కడు గూడ రాడు. ఒక్కడు గూడ తొంగిసూడడు. నా మాట నమ్మకు. వాళ్ళ మొఖాలు జూడు."

బాలమణి ఆ ముక్కులన్నింటినీ ఒక్కొక్కటిగా చూసింది. నొప్పుల మధ్యలో కూడా ఆమెకు నమ్మకం కుదిరింది. దిగింది.

సుందరమ్మ ఆమెను లోపల పడుకోబెట్టి, విప్పిన మరను మళ్ళీ బిగించింది. రెండు చేతుల్లో వేడినీళ్ళ గిన్నె పట్టుకుని, పక్కకు తిరిగి భుజంతో తలుపును నెమ్మదిగా నెట్టి, ఒక్క చుక్క కూడా ఒలకకుండా లోపలికి వెళ్ళింది. ఆమె వెనక తలుపు మూసుకుంది. ఆమెను మాత్రం అది ముట్టుకోలేదు. బాలమణి కడుపు తడిమి చూసి, వెంటనే మళ్ళీ బయటికి వచ్చి, దూది పెట్టుకుని కూర్చున్న బుచ్చమ్మ ముందు నిలబడింది.

"అవ్వా, బిడ్డ అడ్డం తిరిగినట్టున్నది. నీ చేతులు గూడ కావాలె. రా."

బుచ్చమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. ఎనిమిది నెలలుగా ఆ దవాఖాన నుంచి ఆమెకు ఆ పిలుపు రాలేదు. "తలుపు నువ్వు పట్టు" అని లేచింది.

ఆడవాళ్ళు ముగ్గురూ లోపలికి వెళ్ళాక, బాలమణి మొగుడు ఉండబట్టలేక తలుపు సందులోంచి చూడబోయాడు. వరండాలో ఖాళీ అయిన బుచ్చమ్మ చోటు అతనికి దొరికింది.

డాక్టరు దేవసహాయంగారు చెప్పిన సమయానికే వచ్చారు. ఖాళీ దవాఖాన చూసి, ఒక టీ తాగి, మేడ్చలు వెళ్ళిపోదామనుకుని వచ్చిన మనిషి ఆయన. వరండాలో ఆరుగురు రోగులు కనిపించేసరికి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. అందరికన్నా పెద్దమనిషిలా కనిపించిన పటేలు దగ్గరికి మొదట వెళ్ళారు.

"మీకు ఈ వాపు ఎట్లా వచ్చిందండీ?"

పటేలు చుట్టూ చూశాడు. తన మనుషులిద్దరూ ఉన్నారు, ఓదెలు ఉన్నాడు, సిద్దమ్మ ఉంది. మామిడి పలక కొడితే కింద పడ్డానని వీళ్ళ ముందు ఎట్లా చెప్పడం?

"పొద్దుగాల లేసెటాల్లకు ఇట్లున్నది" అన్నాడు.

డాక్టరు ఓదెలు వైపు తిరిగారు. పటేలు అట్లా అన్నాక, ఆ తలుపు చేసినవాడు వేరేగా ఏం చెప్పగలడు?

"నాకు గూడ గట్లనే, లేసెటాల్లకు."

మిగతావాళ్ళకూ లేచేసరికే వచ్చింది. బాలమణి మొగుడు మాత్రం, తను లేచి చాలాసేపైన తర్వాత వచ్చిందని నిజాయితీగా చెప్పాడు.

డాక్టరు చిన్న పుస్తకం తీశారు. "కొంచెం కొంచెంగా పెరిగిందా, ఒక్కసారిగా వచ్చిందా?"

"ఒక్కసారే వచ్చింది. మస్తు జోరుగ వచ్చింది" అన్నాడు పటేలు. ఆ పూట ఆయన పలికిన మొదటి సత్యం అదే.

"మీరందరూ ఒకే బావి నీళ్ళు తాగుతారా?"

"ఊర్లకు బాయి ఒకటే అయ్యా."

డాక్టరు ఆ మాట రాసుకుని దాని కింద రెండు గీతలు గీశారు. సరిగ్గా అప్పుడు లోపల పసిబిడ్డ ఏడుపు వినిపించింది. డాక్టరు మొహం వెలిగింది. ముందు గది దాటి వెళ్ళి తలుపు మీద చెయ్యి వేయబోయారు.

"ఎవరు గూడ తలుపు ముట్టొద్దు" అని లోపలి నుంచి సుందరమ్మ గొంతు వచ్చింది.

అంత కచ్చితమైన నర్సును ఈ మధ్య చూడలేదనుకుని ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. సుందరమ్మ రెండు చేతుల్లో బిడ్డను పట్టుకుని భుజంతో తోసుకుంటూ బయటికి వచ్చింది. తలుపు మూసుకుంది. అబద్ధం మీద దవాఖాన నిలబెట్టుకోవడం ఆమెకు ఇష్టం లేదు.

"డాక్టరుగారూ, ఒక మాట చెప్పాలె. వీళ్ళందరూ ఈ తలుపు వల్లనే వచ్చిన్రు."

"నేనూ అదే గమనించాను సిస్టర్. ఇట్లాంటి తలుపు ఒకటుంటే జనానికి నమ్మకం కలుగుతుంది."

"అట్ల కాదండి. ఈ తలుపే వీళ్ళందరినీ..."

"ఆకర్షించింది. అర్థమైంది. మీరు మరీ మొహమాటపడుతున్నారు" అని ఆయన పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నారు. పటేలు దగ్గాడు. ఆ దగ్గులోని బతిమాలడం సుందరమ్మకు అర్థమైంది. ఇక ఊరుకుంది.

రెండు వారాలకు ఉత్తరం వచ్చింది. దవాఖాన శామీర్‌పేటలోనే ఉంటుంది. బుచ్చమ్మను సాయానికి పెట్టుకోవచ్చు. ఓదెలు పరుగెత్తుకొచ్చి, ఇగ స్ప్రింగు వదులు చేస్తానన్నాడు. సుందరమ్మ ఒప్పుకోలేదు. ఆ రెండు వారాల్లో ముగ్గురు ఆడవాళ్ళు కాన్పుకు వచ్చారు. వరండాలో మగవాళ్ళు కూర్చోవడం మానేశారు. కూర్చున్నా, తలుపుకు వీపు చేసి, పదడుగుల అవతల కూర్చుంటున్నారు.

"గట్టిగుంటే గట్టిగుండనియ్యి. ఊరంత నేర్చుకున్నది గద" అంది.

మరుసటి వారం సికింద్రాబాదు నుంచి ఇద్దరు మనుషులు సీసాలతో వచ్చి, బావి నీళ్ళు పట్టుకుని, దవాఖాన కూడా ఒకసారి చూసి పోదామని లోపలికి వచ్చారు. సుందరమ్మ అప్పుడు ఇంకో కాన్పులో ఉంది. ఆమె కేక వేసేలోపే పని జరిగిపోయింది.

శామీర్‌పేట నీళ్ళలో ఏ దోషమూ లేదనీ, జబ్బు మాత్రం అంటుకునేదేననీ వాళ్ళు నివేదిక రాశారు.