మెరిసే కారు కదలకూడదు

కారు కొనేది తిరగడానికి అనుకునే అమాయకులు ఇంకా ఉన్నారంటే నాకు జాలేస్తుంది. కారు కొనేది పాలిష్ పెట్టుకోవడానికండీ! తిరగడానికైతే మనకి కాళ్లు లేవూ?

ఈ సత్యాన్ని మా నాన్న కారు కొన్న మొదటి ఆదివారమే కనిపెట్టేశారు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం పొద్దున్నే పాత నిక్కరు తొడుక్కుని, వ్యాక్స్ డబ్బా పట్టుకుని పోర్టికోలోకి దిగుతారు. ముందు షాంపూ. ఆనక తడి తుడుపు, పొడి తుడుపు. ఆ తర్వాత వేలెడంత వ్యాక్స్ తీసుకుని, చంటిపిల్లకి పౌడరద్దినట్టు గుండ్రంగా, గుండ్రంగా... బానెట్ దగ్గర మొదలెట్టి డిక్కీకి చేరేసరికి మధ్యాహ్నం రెండవుతుంది. గుడ్డ మాత్రం నా బనియనే కావాలి. బాగా మెత్తబడిందట! ఇప్పటికి నావి పదకొండు అమరులయ్యాయి.

లాభాలు చెప్పమంటారా? మా కారుకి ఒక్క యాక్సిడెంట్ లేదు. చలాన్ లేదు. పంక్చర్ అంటే ఏమిటో దానికి తెలీదు. అక్క డోర్‌లో చూసుకుని జడేసుకుంటుంది. ఎదురింటి మాస్టారు గడ్డం గీసుకోవడానికి మా బానెట్ దగ్గరికే వస్తారు. వీధిలో కాకి ఒకటి అద్దంలాంటి ఆ డోర్‌లో తన్ని తానే చూసుకుని సంబంధం ఖాయం చేసేసుకుంది.

ఓ శనివారం ఎవడో దుర్మార్గుడు బానెట్ నడిమధ్య బొటనవేలి ముద్ర వేశాడు. ఎవడో నాకెలా తెలుస్తుందండీ? నాన్న భూతద్దం తెచ్చి ఇంటిల్లిపాదినీ వరసలో నిలబెట్టారు. ఆ ముద్ర ఆయనదేనని గంటసేపు వాదించి తేల్చింది కూడా నేనే.

అన్నట్టు, నాకు డ్రైవింగ్ లైసెన్స్ వచ్చి ఎనిమిది నెలలైంది.

"నాన్నా, వీధి చివరిదాకా ఒక్క రౌండ్ వేసొస్తా."

"నిన్నే కదరా వ్యాక్స్ వేశాను! ఆరనీ."

"పోయిన వారం కూడా ఇదే అన్నారుగా?"

"అది కింద కోటు రా. ఇది పై కోటు."

పోయిన ఆదివారం మాత్రం అద్భుతం జరిగింది. పిన్ని కొత్తింట్లో చేరింది. అమ్మ పోర్టికోలోకొచ్చి నడుం మీద చెయ్యేసుకుంది.

"ఏమండీ, మా చెల్లెలింటికి కారులో వెళ్తున్నామా, లేక రేపట్నుంచి మీ వంట మీరే చేసుకుంటారా?"

నాన్న తాళం నా చేతిలో పెట్టారు. పెట్టేముందు దాన్నీ ఓసారి తుడిచారు.

"దుమ్ములేని రోడ్డు చూసి పోనియ్యరా," అన్నారు.

కూర్చున్నాను. బెల్టు పెట్టుకున్నాను. తాళం తిప్పాను.

టిక్.

మళ్లీ తిప్పాను. టిక్!

ఇన్ని నెలలూ పైన రుద్దడమే గానీ ఒక్కసారైనా స్టార్ట్ చేయాలని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. బ్యాటరీ ఎప్పుడో కన్నుమూసింది.

"తోద్దాం," అంది అక్క.

"చేతులేస్తే మరకలు పడతాయే!" నాన్న కేక.

అందుకని అందరూ చేతులకి సాక్సులు తొడుక్కున్నారు. వ్యాక్స్ మీద సాక్సులు! ఒక్క తోపుకి అమ్మ జర్రున జారి బంపర్‌కి సాష్టాంగపడింది. అక్క డిక్కీని కౌగిలించుకుంది. కారు అంగుళం కదల్లేదు.

ఆ కౌగిలింత మరక తుడవడానికి నాన్న ఇంట్లోనే ఉండిపోయారు. మేం బస్సెక్కాం.

పుట్టాక నీళ్లు తగలని బస్సు. అద్దాల మీద దుమ్ములో జనం ఇష్టమైనవాళ్ల పేర్లు రాసుకున్నారు. అలాంటి బస్సు సిగ్గూ ఎగ్గూ లేకుండా ఊరంతా తిరుగుతోందండీ! నేను డ్రైవర్ వెనక సీట్లో కూర్చుని, ఆయన గేరు మార్చినప్పుడల్లా గాల్లో నేనూ మార్చాను. ఆయన అద్దంలోంచి చూశాడు.

"ఏం తమ్ముడూ, లైసెన్సుందా?"

జేబులోంచి తీసి చూపించాను. తళతళా మెరిసింది.

"అబ్బో, కొత్తదా?"

"కాదన్నా. మా ఇంట్లో ఏదీ వాడరు. తుడిచి పెట్టుకుంటారంతే."