జర్మనీ పులిసిన పిండి

"శ్రీకాకుళం జిల్లా రొట్టెల చరిత్రలో ఇక రెండే యుగాలు! పొట్లం రాకముందు, పొట్లం వచ్చాక!"

చర్చి స్త్రీల సమాజంలో అధ్యక్షురాలు కృపారాణి లేచి నిలబడి ఈ ప్రకటన చేసింది. బెంగుళూరు మహాసభలో ఒక జర్మనీ దొరసాని ఆమెకు చిన్న పొట్లం ఇచ్చింది. అందులో ఎండిన పులిసిన పిండి పెచ్చులున్నాయి. సోర్‌డో స్టార్టర్ అంటారట. నీళ్ళూ మైదా కలిపితే ప్రాణం లేచొచ్చి, బుడగలు కక్కి, రొట్టెను పొంగిస్తుందట. దొరసాని ముత్తవ్వ కాలం నుంచీ బతికే ఉందట!

"కోత పండక్కి దీంతో రొట్టె సేసి వేలానికి పెడతాను. మీకూ తలో చిటికెడు ఇస్తాను. ఎవరి రొట్టె పాట పైకెళ్తే వాళ్ళదే పేరు," అంది.

అసలు సంగతేమిటంటే, కోత పండుగ వేలంలో ఏటా కార్యదర్శి ప్రిస్కిల్లా చేసిన కేకుకే ఎక్కువ ధర పలుకుతోంది. ఈసారి కూడా ఆవిడే గెలిస్తే ఇక ఈ అధ్యక్ష పదవి ఎందుకు, కాల్చనా!

"దొరసాని వస్తువుకి కుళాయి నీళ్ళా? ఛీ!" అనుకుని కృపారాణి సీసా నీళ్ళు కొంది. వాటినీ నమ్మక పొయ్యి మీద పెట్టింది. సలసల కాగుతుండగానే పొట్లంలోని పెచ్చులన్నిటి మీదా వంచేసింది. శుభ్రత విషయంలో ఆమె రాజీ పడదు మరి! పైన మైదా కలిపి, గాజుసీసాకి పట్టుచీర ముక్క కప్పి, దాని ముందు ఎవరూ తుమ్మరాదని ఆంక్ష పెట్టింది. భర్త ఎజ్రా సొంత ఇంట్లో మునివేళ్ళ మీద నడిచాడు.

పిండి బతకలేదు. ఎలా బతుకుతుంది, ఉడికిపోయింది!

"ఏటే ఇది, పొంగలేదు సరికదా జిగురయిపోనాది," అన్నాడు ఎజ్రా. "పండగ పోస్టర్లు అంటించుకోనా?"

"అంటించండి. ఎవరికీ సెప్పకండి," అంది ఆమె ఏడుపు మింగుకుంటూ.

పోస్టర్లు గోడలకి బ్రహ్మాండంగా అంటుకున్నాయి. జర్మనీ సరుకు జర్మనీ సరుకే!

మరి పంచుతానన్న చిటికెళ్ళ మాటో? "వదినా, పొట్లం ఎప్పుడిస్తావు?" అని ప్రిస్కిల్లా అప్పటికే వాట్సాప్‌లో పీకుతోంది. కృపారాణి వంటింట్లోకి పరిగెత్తింది. ఫ్రిజ్‌లోని దోసెల పిండిని పళ్ళేల్లో పల్చగా పూసి, మేడ మీద ఎండబెట్టి, నలిపి, పొట్లాలు కట్టింది. ప్రార్థన చేసి మరీ పంచింది.

దోసెల పిండిలోంచి జర్మనీ ఎలా పుడుతుంది? పరువు పోతుంది! కానీ మర్నాటి నుంచే వాట్సాప్ మోగిపోయింది. "నాది మూత తన్నేసింది వదినా!" "మాదానికి విదేశీ వాసనొస్తాది!" అందరినీ మించి ప్రిస్కిల్లా, "మా వంటింట్లో దొరసానే తిరుగుతన్నట్టున్నాది!" అని పెట్టింది. అబద్ధం అనాలంటే ముందు తన అబద్ధం చెప్పుకోవాలి. కృపారాణి "దేవునికి స్తోత్రం" అని జవాబిచ్చింది.

తను మాత్రం ఆ పిండిని నమ్మలేదు. శ్రీకాకుళం బేకరీల వాళ్ళంతా తెలిసినవాళ్ళే కాబట్టి, ఆమదాలవలస దాకా వెళ్ళి, ముఖానికి చున్నీ చుట్టుకుని రొట్టె కొని తెచ్చింది.

పండుగ రోజు చర్చి పాస్టరు అబ్రహాం అయ్యగారు గుమ్మడికాయలూ కోళ్ళూ వేలం వేశాక రొట్టెల దగ్గరకొచ్చారు. ప్రిస్కిల్లా రొట్టె బల్ల మీద పెడితే ఇటుక పడ్డంత చప్పుడైంది. ముక్క కొరికితే అయ్యగారి పన్ను కదిలింది. పులుపుకి ఒక కన్ను మూసుకుపోయింది.

"ఇదీ యూరపు రొట్టంటే!" అన్నారు, రెండో కన్నుతో సభను చూస్తూ. సంఘ పెద్దలు పోటీలు పడి పాట పెంచేశారు.

తర్వాత కృపారాణి రొట్టెను వేలితో నొక్కి చూశారు. "ఏటమ్మా, ఇలా మెత్తగున్నాది? మన బన్నులాగుంది. అసలైంది కాదు సుమా!"

దాన్ని పాడినవాడు ఒక్కడే. ఎజ్రా.

ప్రిస్కిల్లా వచ్చి కృపారాణి భుజం మీద చెయ్యేసి, అందరికీ వినపడేలా ఓదార్చింది. "నీది సచ్చిపోనాదేమో వదినా. ఏటీ బాధపడకు. అసలుది నా దగ్గర బతికున్నాది. ఇదిగో, తీసుకో," అని, సభకు చూపించడానికి తెచ్చిన సీసా చేతికిచ్చింది.

కృపారాణి మూత తీసింది. గుప్పున మెంతుల వాసన! కృపారాణి దోసెల పిండిలో జన్మలో మెంతులు వేయదు, ఎజ్రాకు పడవు. అంటే ఇది దొరసానిదీ కాదు, తను పంచిందీ కాదు. ప్రిస్కిల్లా ఇంటి దోసెల పిండి!

తలెత్తింది. ప్రిస్కిల్లా రెప్ప వేయకుండా చూస్తోంది. స్త్రీల సమాజం మొత్తం చూస్తోంది.

"ఏటి వదినా, వాసన పట్టినావా?"

"పట్టకేం! అచ్చం దొరసాని ఇచ్చిందే!" అని కృపారాణి ఆ సీసాను రెండు చేతులా గుండెకి హత్తుకుంది.