మూగబండి కన్నీరు

ఆ ఉదయం పళ్ళ డాక్టరుగారి ఇంట్లో అనుకున్న పని ఒక్కటే. మోకాలి ఆపరేషన్ అయిన మామగారిని ఆసుపత్రి నుంచి కరెంటు కారులో ఇంటికి తీసుకురావాలి. వినడానికి చిన్న పనే. అయినా డాక్టరుగారు ముందు రోజే కారు రెండుసార్లు కడిగించి, సీట్లు దులిపించి, చివర్లో దాని అద్దంలో తన మొహం కూడా ఓసారి చూసుకున్నారు.

కారణం లేకపోలేదు. మామగారు జీవితమంతా దూరప్రాంతాల బస్సు నడిపిన మనిషి. ఇంజను చప్పుడు చెవిన పడితే గాని ఆయనకు బండి మీద నమ్మకం కుదరదు. అల్లుడు కరెంటు కారు కొన్ననాటి నుంచి దాన్ని "మూగబండి" అన్నారే తప్ప కారు అనలేదు, ఒక్కసారైనా ఎక్కలేదు. ఇప్పుడు కాలు వంగక, వేరే దారి లేక, "సరే, ఆ మూగదాన్నే తీసుకురమ్మను" అని కూతురితో అన్నారు. బండి బాగుంది అన్న ఒక్క మాట ఆయన నోట వినాలని డాక్టరుగారి చిరకాల కోరిక. ఊళ్ళో సగం మంది నోళ్ళు బాగుచేసిన ఆయనకు ఆ ఒక్క నోటి నుంచి మాత్రం ఇంతవరకూ మంచిమాట రాలేదు.

ఈ విషయంలో కంపెనీ కూడా తనకు సాయం చేస్తుందని ఆయన నమ్మారు. ఆ తెల్లవారుజామునే కార్లకు కొత్త అప్‌డేట్ రావలసి ఉంది. ఒక్క చార్జింగుతో ఇంకా ఎక్కువ దూరం నడుస్తుందని కంపెనీ నెలల తరబడి ఊరిస్తోంది. కరెంటు కార్ల యజమానుల సంఘానికి డాక్టరుగారే అధ్యక్షులు కాబట్టి, ఓపిక పట్టమని అందరికీ నచ్చజెప్పింది కూడా ఆయనే.

అప్‌డేట్ వచ్చింది. దూరం ఒక్క అడుగు కూడా పెరగలేదు. పైగా బ్యాటరీ ఎంత మిగిలిందో చూపించే అంకె మాయమై, ఆ చోట తెరనిండా ఒక గుండ్రటి మొహం ప్రత్యక్షమైంది. చార్జింగు నిండుగా ఉంటే అది నవ్వుతుంది. తగ్గితే ముడుచుకుంటుంది. బాగా తగ్గితే కన్నీళ్ళు కారుస్తుంది. ఏసీ మీట అంతకుముందున్న చోట లేదు. ఎక్కడ ఉందో ఎవరికీ తెలియదు.

సంఘం ఫోన్లలో అల్లకల్లోలమైంది. "నా కారు నన్ను చూసి ఏడుస్తోంది, నేను దాన్ని చూసి ఏడుస్తున్నాను" అని ఒకాయన రాశాడు. లెక్కల మాస్టారు అంకె లేని బండిలో కాలు పెట్టనని ఒట్టు వేసుకుని, నడిచే బడికి వెళ్ళిపోయారు. సంఘం కార్యదర్శి, ఊరంతా వకీలమ్మ అని పిలిచే లాయరు, రాతలతో ఆగే మనిషి కాదు. నేరుగా ఫోన్ చేసింది.

"డాక్టరుగారూ, పదింటికి బయల్దేరుతున్నాం. సర్వీసు సెంటరు దాకా మౌన ప్రదర్శన. బండ్లకి నల్ల రిబ్బన్లు. హారన్లు వద్దు, అరుపులు వద్దు. ముందు బండి మీదే."

"పదింటికి మా మామగారిని తీసుకురావాలమ్మా."

"ఆసుపత్రి దారిలోనే కదండీ! ఆయన్ని ఎక్కించుకునే వెళ్దాం. పెద్దాయన వెంట ఉంటే మనకీ కాస్త బరువుగా ఉంటుంది."

కాదనడం డాక్టరుగారికి చిన్నప్పటి నుంచీ చేతకాదు. భార్య మాత్రం నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది. "ఏవండీ, మా నాన్నని ఇంటికి తెస్తున్నారా, ఊరేగిస్తున్నారా?"

"అయిదు నిమిషాల పనేనే. నువ్వేం కంగారుపడకు."

తండ్రికి తెల్లపూలంటే ఇష్టమని ఆవిడ బానెట్ నిండా తెల్లపూలు కట్టింది. మిగిలినవి ఒళ్ళో పెట్టుకుని ముందు సీటులో కూర్చుంది.

ఆసుపత్రి దగ్గర మామగారిని వెనక సీటులో, కాలు వంగకుండా సీటు పొడవునా పడుకోబెట్టారు. నొప్పి మాత్ర వేసుకున్నారేమో, పడుకున్న మరుక్షణమే నిద్రపోయారు. ఏసీ సరిగ్గా ఆయన బట్టతల మీదికే కొడుతోంది. డాక్టరుగారు తెరనంతా తడిమారు. సీటు వెచ్చబడింది, పాట వచ్చింది, వెనక అద్దం తుడుచుకుంది. ఏసీ ఆగలేదు. "నాన్నకి జలుబు చేస్తుందండీ" అంటూ భార్య ఆసుపత్రి వాళ్ళ తెల్ల దుప్పటి తండ్రి తల మీదుగా కప్పేసింది. పాదాలు మాత్రం బయట మిగిలాయి.

అప్‌డేట్ ఎక్కించుకోవడానికే కారు సగం చార్జింగు తినేసింది. తెర మీది మొహం అప్పటికే పెదవి విరిచింది. ఎక్కడ ఏడుస్తుందోనని డాక్టరుగారు నడక కంటే నెమ్మదిగా పోనిచ్చారు. వెనకాల సంఘం కార్లన్నీ, నల్ల రిబ్బన్లతో, దీపాలు వెలిగించుకుని, చడీచప్పుడు లేకుండా వరుస కట్టాయి. పూల ఘాటుకు ముక్కూ కళ్ళూ కారుతున్న భార్య మొహం మీంచి చేతిరుమాలు తీయలేదు.

వీధిలో జనం ఆగిపోయారు. మంగలి కత్తి పట్టుకునే బయటకు వచ్చి తల వంచాడు. వెనకే సగం గడ్డంతో వచ్చినవాడు కూడా వంచాడు. కూడలిలో కానిస్టేబులు అన్ని వైపులా బండ్లు ఆపి, టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు.

"చూశావా, జనంలో మన పోరాటం మీద ఎంత సానుభూతో!" అన్నారు డాక్టరుగారు గద్గదంగా. ఆపైన దారిలో కనిపించిన ప్రతివారికీ బరువుగా తల పంకిస్తూ నడిపారు. చూసినవాళ్ళకు ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది.

బస్సు డిపో గేటు దగ్గర ఒక ముసలి కండక్టరు నిలబడి ఉన్నాడు. మామగారితో ఏళ్ళ తరబడి ఒకే బస్సులో తిరిగిన మనిషి. ముందు సీటులో రుమాలుతో కూతురు, వెనక సీటులో దుప్పటిలోంచి బయటికి వచ్చిన పాదాలు. ఆ పాదాల పక్కనే అతని సగం బతుకు గడిచింది. "అన్నా! చెప్పకుండానే పోయావా!" అని అక్కడే కూలబడ్డాడు. తేరుకునేలోపు డిపోలోని వాళ్ళంతా ఒక బస్సు ఎక్కి కార్ల వెనక చేరారు.

సర్వీసు సెంటరు మేనేజరు గుమ్మంలోకి వచ్చి, ఆ వరుసను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

"ఏం... ఏం జరిగింది సార్?"

"తెలియనట్టు అడుగుతారేం? మీ అప్‌డేట్ వల్ల వచ్చిందే ఇదంతా!" అన్నారు డాక్టరుగారు.

మేనేజరు చూపు వెనక సీటులోని పాదాల మీద పడింది. "బాధ్యత ఒప్పుకుంటారా, లేదా?" అంది వకీలమ్మ. మేనేజరు లోపలికి పరిగెత్తి పెద్ద ఆఫీసుకు ఫోన్ చేశాడు.

ఈలోగా బస్సు దిగిన కండక్టరు కారు వెనక తలుపు తీసి, ఆ పాదాలు పట్టుకుని మొదలుపెట్టాడు. "ఇలాంటి డ్రైవరు మళ్ళీ పుట్టడు! బ్రేకు వేస్తే నిలబడ్డ పసిపిల్ల కూడా తూలేది కాదు. ఎవరైనా పరిగెత్తుకొస్తుంటే, చూడనట్టే చూసి ఆపేవాడు." డిపో వాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. దుప్పటి కింద మామగారికి ఎప్పుడో మెలకువ వచ్చింది. కాని బతికుండగా ఎవరూ అనని మాటలవి, అడ్డు తగలడానికి మనసొప్పలేదు. "ఒక్కనాడూ దారి తప్పలేదు" అన్నాడు కండక్టరు వెక్కుతూ. "ఆ వంతెన దగ్గర తప్ప."

దుప్పటి లేచి కూర్చుంది. "ఆ రోజు అక్కడ బోర్డు లేదురా! ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

కొందరు పారిపోయారు. కండక్టరు మాత్రం పాదాలు వదల్లేదు, ఇంకా గట్టిగా పట్టుకుని ఈసారి సంతోషంతో ఏడ్చాడు. సంగతంతా కూతురు చెబుతుంటే వింటూ మామగారు చుట్టూ చూశారు. ఆయన చూపు తెర మీద ఆగింది. చార్జింగు అడుగంటి, ఆ గుండ్రటి మొహం ధారగా కన్నీరు కారుస్తోంది.

"ఇదీ ఏడుస్తోందే!" అన్నారు మెల్లగా. "అన్ని బస్సులు నడిపాను. నాకోసం ఒక్కటీ కంటతడి పెట్టలేదు." అల్లుడి భుజం మీద చెయ్యి వేశారు. "మంచి బండి అల్లుడుగారూ. మూగదే గాని, మనసున్న బండి."

 ఆ మాట కోసం ఎన్నాళ్ళు ఎదురుచూశారో డాక్టరుగారికే తెలుసు. అసలు విషయం చెప్పాలని ఒక్క క్షణం అనిపించింది. చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే మేనేజరు రొప్పుతూ వచ్చాడు. "సార్! మావాళ్ళు ఒప్పుకున్నారు. అప్‌డేట్ వెనక్కి తీసేసుకున్నారు. మీరు గెలిచారు!" తెర ఒక్కసారి నల్లబడి వెలిగింది. మొహం లేదు. చిన్న అంకె ఒకటి ఉంది.

"ఏడీ, ఆ ఏడ్చేవాడు? ఎటు పోయాడు?" అన్నారు మామగారు.

 వకీలమ్మ సగర్వంగా చెప్పింది. "మేమంతా పోరాడి తీయించాం పెద్దాయనా. మీ అల్లుడుగారే నాయకత్వం వహించారు."

మామగారు భుజం మీది చెయ్యి తీసేశారు. కండక్టరును ఊతగా పట్టుకుని, కుంటుకుంటూ బస్సు ఎక్కి, చప్పుడు చేసుకుంటూ ఇంటికి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే అధ్యక్షులవారు సంఘాన్ని అత్యవసరంగా సమావేశపరచి, ఏడ్చే మొహాన్ని తక్షణం తిరిగి ఇప్పించాలని తీర్మానం పెట్టారు. నల్ల రిబ్బన్లు ఇంకా ఎవరూ విప్పలేదు కాబట్టి వెంటనే బయల్దేరారు.