ఎడమవైపు గుండీలు

ఏమయ్యా, అప్పుడే నవ్వుతున్నావా? నవ్వకు. మొదటి ఆట టిక్కెట్టు కోసం తోపులాటలో చెప్పు పోగొట్టుకుని ఒంటి చెప్పుతో ఇంటికెళ్ళినవాడివి నువ్వూ. ఈ కథలో టైలరు నీకంటే తెలివైనవాడు. అందుకే నీకంటే లోతుగా మునిగాడు.

ఆ ఉదయం టైలరుకున్న పని ఒక్కటే. వారం తిరిగేలోగా బడి యూనిఫాంలు అరవై కుట్టి ఇవ్వాలి. సినిమా ఊసెత్తకూడదని కూడా గట్టిగా అనుకున్నాడు. 'నిప్పుల వంతెన' మూడో భాగం రేపిన కడుపుమంట ఇంకా చల్లారలేదు. ట్రైలర్లో హీరో ఏనుగు మీంచి రైలు మీదకి దూకాడు. తీరా సినిమాలో ఏనుగూ లేదు, రైలూ లేదు. మూడు గంటలసేపు చిన్నప్పటి ఫొటో ఒకటి పట్టుకుని కూర్చున్నాడు. ఇక నాలుగో భాగం పేరెత్తినవాడికి చొక్కా చంకల్లో బిగుతుగా కుడతానని టైలరు ఆనాడే ప్రకటించాడు.

కానీ షట్టరు ఎత్తేసరికి ఎదురుగా సినిమా హాలు గేటు మీద నాలుగో భాగం పోస్టరు! కంపెనీ ఈసారి కొత్త ఎత్తు వేసింది. ఫోన్లలో ఎక్కడా బొమ్మ పెట్టకుండా, ఏరికోరి ఈ ఒక్క హాలుకి మాత్రమే ముందుగా పంపింది. చూడకూడదనుకుంటూనే టైలరు చూశాడు. హీరో మొహం కాదు, కోటు చూశాడు. చేతిలో కత్తెర ఆగిపోయింది.

"ఒసేయ్, ఇలా రా! ఆ గుండీలు ఎటున్నాయో చూడు."

కాజాలు కుడుతున్న భార్య తలెత్తింది. "తొడుక్కున్నవాడికి ఎడమవైపు. అయితే?"

"అయితే ఏంటే! మగాడి కోటుకి గుండీలు కుడివైపు కదా ఉండేది? ఎడమవైపుంటే ఆడవాళ్ళ కోటు. అక్కడ నిలబడింది హీరో కాదు. హీరో కవల చెల్లెలు!"

"చెల్లెలికి మీసాలున్నాయండీ."

"మారువేషమే పిచ్చిదానా! మూడో భాగంలో మనల్ని అంత ఏడిపించింది ఇది దాచడానికన్నమాట!"

అప్పుడే గుమ్మంలోకి వచ్చిన బామ్మర్ది నోరు తెరిచాడు. వీధి చివర ఫ్లెక్సీ షాపు అతనిదే. ఆ పోస్టరూ అతని మిషను మీదే అచ్చయింది.

"బావా, ఆ పోస్టరు..."

"నువ్వు మాట్లాడకు. రంగులు పోసుకునేవాడివి, కోటు సంగతి నీకేం తెలుసు? ముప్పయ్యేళ్ళ సర్వీసు నాది. నా మాట తప్పయితే మెడలో ఈ టేపు తీసేస్తా. మళ్ళీ కత్తెర ముట్టను!"

బామ్మర్ది పోస్టరు వైపు చూశాడు, బావ వైపు చూశాడు, నోరు మూసుకున్నాడు.

ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికొచ్చిన అభిమాన సంఘం అధ్యక్షుడు మాత్రం మూసుకోలేదు. గుండీల ఫొటో తీసి లోకానికి పంపాడు. మధ్యాహ్నానికల్లా అభిమానులు రెండు ముక్కలయ్యారు. "మా హీరో ఉండగా చెల్లెలేంటి?" అని సగం మంది, "చెల్లెల్ని అడ్డుకుంటే ఊరుకోం" అని సగం మంది. కంపెనీని అడిగితే "ఇప్పుడేమీ చెప్పలేం" అంది. సినిమావాళ్ళు చెప్పలేమంటే అవునన్నట్టే కదా! మూడోనాటికి ఊరూరా అదే పోస్టరు పడింది. కింద ఒకే మాట: 'గుండీల రహస్యం వెండితెర మీదే.'

"చూశావుటే! చూశావుటే!" అని టైలరు కుర్చీ ఎక్కి మరీ అరిచాడు.

"చూశాను గానీ, యూనిఫాంలు?"

"అక్కడ వంశమే తారుమారవుతుంటే యూనిఫాంలేంటే!"

ఆవిడ మిషను తన వైపుకి లాక్కుని అరవై యూనిఫాంలూ తనే పూర్తి చేసింది. టైలరు కోట్లు మొదలుపెట్టాడు. మొదటి ఆటకి ఎడమవైపు గుండీల కోటు వేసుకెళ్ళకపోతే అభిమాని కాదన్నారట. మొదటి ఆర్డరు బామ్మర్దిదే. విడుదలనాటికి నలభై ఒకటి అయ్యాయి.

ఆ పొద్దున ఆటకి కోట్లన్నీ బారులు తీరి లోపలికెళ్ళాయి. మూడు గంటల తర్వాత చెమటతో బయటికొచ్చాయి. చెల్లెలు లేదు. హీరో కోటుకి గుండీలు శుభ్రంగా కుడివైపే ఉన్నాయి. చిన్నప్పటి ఫొటో మాత్రం ఉంది, ఈసారి ఫ్రేము కట్టించారు. చివర్లో 'అసలు రహస్యం ఐదో భాగంలో' అని వేశారు.

నలభై కోట్లు వీధి దాటి షాపు మీదకి వచ్చాయి.

"చెల్లెలేదయ్యా?" అధ్యక్షుడు అరిచాడు. "ఈ కోటుకి మా నాన్న చేత ఎన్ని తిట్లు తిన్నానో తెలుసా?"

"నన్నంటారేంట్రా! కళ్ళారా చూసింది చెప్పా. మోసం చేసింది కంపెనీ! ఉన్నదాన్ని లేకుండా కోశారు, దుర్మార్గులు!" టైలరు ఊగిపోయాడు. కానీ మాట మాటే. మెడలో టేపు తీసి బల్ల మీద పెట్టాడు.

భార్య ఆ టేపు వైపు చూసి, నలభై ఒకటో కోటు వేసుకుని గుంపు వెనక నక్కిన తమ్ముడి వైపు తిరిగింది. "ఒరేయ్, ఆ రోజు పోస్టరు గురించి ఏదో చెప్పబోయావేంట్రా?"

బామ్మర్ది గుంపులోంచి ముందుకొచ్చాడు. "అదేనక్కా... వచ్చిన బొమ్మ వేలాడదీస్తే హీరో సరిగ్గా మరుగుదొడ్ల వైపు చూస్తున్నాడు. బాగోలేదు, టిక్కెట్ల కిటికీ వైపు తిప్పమన్నాడు హాలు మేనేజరు. బొమ్మని అద్దంలోలా ఎడమది కుడికి తిప్పేసి, అక్షరాలు మళ్ళీ వేశా. గొడవయ్యాక కంపెనీవాళ్ళు కూడా నా దగ్గరే ఆ ఫైలు అడిగి తీసుకున్నారు."

వీధి వీధంతా నోరు తెరిచింది. టైలరు కత్తెర అందుకోబోయాడు గానీ అధ్యక్షుడు చెయ్యి పట్టుకున్నాడు. బల్ల మీది టేపు తీసి మళ్ళీ అతని మెడలో వేశాడు.

"ఒట్టు తర్వాత చూద్దాం. ముందు ఈ కాజాలు పూడ్చి అటువైపు తియ్యి. ఇది వేసుకుని ఆఫీసుకెలా పోను?"

"అన్నీ తెలిసి నువ్వెందుకురా కుట్టించుకున్నావు?" అక్క తమ్ముణ్ణి అడిగింది.

"మొదట తెలుసక్కా. ఊరూరా అదే పోస్టరు చూశాక... ఇంతమంది ఊరికే అంటారా అనిపించింది."

కాజాలు పూడ్చడానికి ఆ రోజు టైలరు విప్పించిన మొదటి కోటు, బొమ్మ తిప్పినవాడిదే.