వేపమండల ఊరు

తెల్లారగానే మామిడికాయల బండి కట్టుకుని చిత్తూరు మండీకి పోవాలనుకున్నాడు దేవరాజులు. బంగారుపాళ్యం పక్కనే వాళ్ల పల్లె. అతని తోట కాపంతా ఆ బండిలోనే ఉంది. కాయ గట్టిగా ఉంటేనే మండీవాళ్లు తీసుకుంటారు. ఆ నెల్లోనే గంగమ్మ జాతర కాబట్టి భార్య సుబ్బులమ్మ గడపకు వేపమండలు కట్టింది. వీధిలో అందరూ కట్టారు.

అప్పుడే ఆరోగ్యశాఖ జీపు వచ్చింది. ఆ ఏడు మశూచిని దేశంలో లేకుండా చేయాలని సర్కారు నడుం బిగించింది. మంచిదే. మశూచి సోకిన ఇంటికి వేపమండలు కడతారని పట్నంలో ఎవరో ఆఫీసర్లకు చెప్పారు, జాతరకూ కడతారని మాత్రం చెప్పలేదు. దిగిన ఆఫీసరుకు వీధి పొడుగునా రోగమే కనబడింది.

"జాతర సార్. ఈడ ఎవురికీ జ్వరం గూడా లేదు. లోపలికొచ్చి సూడండి," అన్నాడు దేవరాజులు.

"రోగమున్న ఇంట్లోకి నన్ను రమ్మంటావా?" అని ఆఫీసరు వెనక్కి జరిగాడు.

మధ్యాహ్నానికి ఊరి దారికి వెదురుబొంగు అడ్డం కట్టి, కానిస్టేబుల్ వెంకటమునిని కాపలా పెట్టారు. డాక్టరు చూసి రోగం లేదంటే అడ్డు తీస్తారట. డాక్టరు వచ్చాడు కూడా. ఎవరినీ లోపలికి వదలొద్దని ఆర్డరుందని వెంకటముని ఆయన్ను తిప్పి పంపేశాడు.

కాయలు పసుపు తిరుగుతుంటే దేవరాజులు చూస్తూ ఊరుకోలేకపోయాడు. మండలుంటేనే కదా ఈ గోల అని వీధంతా పీకించాడు. అమ్మకు కట్టినవి జాతర కాకముందే తీశారని సుబ్బులమ్మ ఏడ్చి పస్తు పడుకుంది. మర్నాడు ఆఫీసరు బొంగు అవతల నుంచే చూసి, రోగాన్ని దాస్తున్నారని అడ్డు తీసే గడువు పెంచి పోయాడు.

బండెడు కాయలూ కుళ్లాయి. ఊరి బయట పారబోస్తామంటే వెంకటముని ఒప్పుకోలేదు.

"మీ ఊళ్లోది ఏదీ బయటికి పోగూడదప్పా. ఆర్డరుండాది, నేనేం సేసేది?"

చేసేది లేక బావి పక్క గుంటలో పోశారు. వాన కురిసి, ఆ కుళ్లంతా బావిలోకి దిగింది. ఈగలు ముసిరాయి.

చివరికి గడువు తీరాక, ఊళ్లో మశూచి లేదని తేల్చి బొంగు తీశారు. ఆ వారమే ఇంటింటా వాంతులు, భేదులు మొదలయ్యాయి. సుబ్బులమ్మ మంచం పట్టింది. బండి కుదుపుకు ఆమె తట్టుకోలేదని బస్సులో ఆస్పత్రికి తీసుకుపోదామంటే, అడ్డం కట్టిన ఊరివాళ్లను ఎక్కించుకోం అని బస్సువాళ్లు ఆపకుండా పోయారు. దేవరాజులు ఆఫీసుకు నడిచిపోయి మొరపెట్టుకుంటే, మీది రోగం లేని ఊరని పైకి రాసేశామన్నారు.

దేవరాజులుకు ఒక్కటే దారి తోచింది. గడపగడపకూ తనే మళ్లీ వేపమండలు కట్టి, భార్య నోట్లో నీళ్లు పోస్తూ జీపు కోసం ఎదురుచూశాడు. అంత భయంతో అతను ఎప్పుడూ దేనికీ ఎదురుచూడలేదు.

జీపు వచ్చింది. ఊరి ముందు కాస్త నెమ్మదించింది. ఆఫీసరు మండల వంక చూసి నవ్వాడు.

"జాతరలే. ఈ ఊరి సంగతి నాకు తెలుసు, పోనీ," అన్నాడు డ్రైవరుతో.

ఆ ఏడు ఆ ఊళ్లో జాతర జరగలేదు.