పుత్తూరు కట్టు: స్వానుభవం

ఆ సోమవారం పొద్దున దామోదరం వేసుకున్న పథకం చాలా చిన్నది. మొదటి బస్సుకు పుత్తూరు వెళ్లడం, చెయ్యి విరిగిందని చెప్పి కట్టు కట్టించుకోవడం, సాయంత్రానికి చిత్తూరు తిరిగొచ్చి, కట్టు విప్పేసి వ్యాసం రాయడం.

ఆయన తాలూకా ఆఫీసులో ముప్పై ఏళ్లు రికార్డులు చూసి రిటైరైన మనిషి. భార్య పోయి నాలుగేళ్లయింది, పిల్లల్లేరు. రోజు మొత్తంలో ఆయనతో మాట్లాడేది పాలు పోసే మనిషి ఒక్కడే, అదీ "పాలు" అనే ఒక్క ముక్క. పత్రికలో పేరు పడితే ఎవరైనా ఆగి పలకరిస్తారని దామోదరం ఆశ. పుత్తూరు కట్టు మీద వ్యాసం రాసి మద్రాసు వారపత్రికకు పంపితే అది తిరిగొచ్చింది. "మీరు విన్నది రాశారు. మా శీర్షిక స్వానుభవం. అనుభవించి రాయండి" అని సంపాదకుడి కార్డు. పైనుంచి వచ్చిన ఉత్తర్వును తు.చ. తప్పకుండా పాటించడం రికార్డు గది మనిషికి అలవాటు.

పుత్తూరులో వైద్యుడు మణికట్టు పట్టుకోగానే, సహజంగా ఉండాలని దామోదరం అరిచాడు. మరీ సహజంగా వచ్చింది.

"ఇంత నొప్పుండాదా? అట్లయితే మూడు వారాలు విప్పొద్దప్పా" అని ఆ పెద్దాయన పసరు పూసి, వెదురు బద్దలు పెట్టి, కోడిగుడ్డు సొనలో తడిపిన గుడ్డతో బిగించాడు. బస్సు కార్వేటినగరం దాటేసరికి కట్టు రాయిలా గట్టిపడింది. అది తాను రాసే చెయ్యి అన్న సంగతి దామోదరానికి అప్పుడు తట్టింది.

చిత్తూరు బస్టాండులో సోడా అంగడి గురప్ప చూశాడు. "ఏం సామీ, యాడ పడినావు?"

"అట్లా... జారినాను."

గురప్ప చెవిన వేస్తే దండోరా వేసినట్టే. సాయంత్రానికి దామోదరం వాకిట్లో పదిమంది చేరారు. వచ్చినవాళ్లు ఆయన చెయ్యి గురించి నిమిషం అడిగి, తమ ఎముకల గురించి అరగంట చెప్పారు. నాలుగేళ్ల తర్వాత ఆ ఇంట్లో అటక మీది గ్లాసులు కిందికి దిగాయి. దామోదరానికి ఎంత సంతోషమైందంటే, కట్టు విప్పే ఊసే మరిచిపోయాడు.

వ్యాసం ఎవరు రాయాలి? పక్కింటి శకుంతలమ్మ రిటైరైన టీచరు, ఆమెకూ ఎవరూ లేరు. "మీరు చెప్పండన్నా, నేను రాస్తా" అని కాగితాలు తెచ్చుకుంది. రోజూ సాయంకాలం ఆయన చెప్పేవాడు, ప్రతి వాక్యం దగ్గరా ఆమె కలం ఆగేది.

"'భయంకరమైన బాధ' అంటే సదివేవాళ్లకు ఏం కనపడతాదన్నా? ఆ గుడ్డుసొన వాసన ఎట్లుండిందో చెప్పండి."

"వ్యాసం నాదా, నీదా టీచరమ్మా?"

"మీదే. అవునూ, యాడ పడినారో చెప్పనేలేదే?"

దామోదరం కిటికీలోంచి బయటికి చూశాడు. "అది వదిలెయ్యి."

మూడు వారాలకు వ్యాసం పూర్తయింది. సంతకం పెట్టడానికి దామోదరానికి చెయ్యి లేదు. శకుంతలమ్మ కవరు మీద పంపేవారి చోట అలవాటుగా తన పేరూ చిరునామా రాసి పోస్టు చేసింది. మర్నాడే కట్టు ఊడింది, దాంతోపాటు జనమూ ఊడిపోయారు. మళ్లీ "పాలు" ఒక్కటే మిగిలింది.

నెల తర్వాత వ్యాసం అచ్చయింది, శకుంతలమ్మ పేరుతో. వీధి వీధంతా ఆమె ఇంటికి పరుగెత్తింది.

"టీచరమ్మా, చెయ్యి ఎప్పుడిరిగింది? మాతో ఒక్కమాటన్నా సెప్పకపోతివే!"

"ఇరిగింది నాకు కాదు, దామోదరమన్నకు."

"అచ్చులో పడినాక అబద్ధమెట్లవుతాదమ్మా?" అన్నాడు గురప్ప.

గోడకివతల దామోదరం అంతా విన్నాడు. పేరు పోయింది, పలకరింపులూ పక్కింటికి పోయాయి. ఏడుపొచ్చినంత పనైంది. తట్టుకోలేక వెళ్లి ఆమె గడపలో నిలబడ్డాడు.

"మీరే చెప్పండన్నా, ఇరిగింది ఎవరికో!" అంది శకుంతలమ్మ.

అందరూ ఆయనవైపు తిరిగారు. అవునంటే చాలు, పేరూ జనమూ తిరిగొస్తారు. కానీ తన మూలంగా ఆమె అబద్ధాలకోరుగా నిలబడి ఉండటం ఆయన చూడలేకపోయాడు.

"ఎవరికీ ఇరగలేదు" అన్నాడు. "రాసేదానికని నేనే కట్టించుకున్నా."

"థూ! నా మోకాలి కథంతా నీకు దండగ్గా చెప్తినే!" అని గురప్ప లేచాడు. వెనకే అందరూ లేచారు. దామోదరం కూడా తలవంచుకుని మెట్టు దిగబోయాడు.

"నాకు మొదటిదినమే తెలుసన్నా" అంది శకుంతలమ్మ. "నిజంగా ఇరిగినోళ్లు యాడ పడినారో సెప్పకుండా ఉండగలరా?"

"మరి మూడు వారాలు ఎందుకు రాసినావు?"

"సాయంకాలాలు నాకు మాత్రం పొద్దు పోవద్దా?"

ఆ సాయంకాలమే ఇద్దరూ కొత్త వ్యాసం మొదలుపెట్టారు. రెండేళ్లయినా అది మొదటి పేరా దాటలేదు.