తార్నాక ఓడ మాస్టుకు రంగు

సముద్రం లేని ఊళ్లో నౌకా విశ్వవిద్యాలయం పెట్టకూడదని రాజ్యాంగంలో ఎక్కడా రాసి లేదు. ఈ సంగతి మొదట గమనించిన ఘనత మనవాళ్లదే. అలా తొంభైల మొదట్లో తార్నాకలో నౌకా విద్యల విశ్వవిద్యాలయం వెలిసింది. (విశాఖలో పెట్టవచ్చు కదా అని కొందరు అడిగారు. అక్కడ ఇప్పటికే సముద్రం ఉంది కాబట్టి ఆ ఊరు వెనకబడిన ప్రాంతం కిందికి రాదని జవాబు వచ్చింది.)

పిల్లలకు ఓడంటే ఏమిటో తెలియాలి కనుక క్యాంపస్‌లో హాస్టలుకీ క్యాంటీనుకీ మధ్య ఒక సరుకు ఓడను సిమెంటుతో కట్టారు. దాని ముక్కు అంబర్‌పేట్ వైపు తిరిగి ఉంటుంది, ఇంతవరకు చేరలేదు. మాస్టు మాత్రం అసలైనదే. ఏదో పాత ఓడలోంచి ఊడదీసి లారీ మీద తెచ్చిన ఇనుప స్తంభం, మూడంతస్తుల ఎత్తు. సిమెంటుకు ఏ రోగమూ రాదు గానీ ఇనుముకు తుప్పు పడుతుంది. ఏటేటా ఎవరో ఒకరు పైకి వెళ్లి ఆ తుప్పు గీకి రంగు వెయ్యాలి.

వెళ్లడమంటే నిచ్చెన కాదు. మాస్టు కొసన కప్పీ ఉంటుంది. దాని మీదుగా తాడు వేసి, తాడుకు చెక్క పలక కట్టి, పలక మీద మనిషిని కూర్చోబెట్టి, కిందినుంచి నలుగురు లాగుతారు. నిరుడు అలా కూర్చున్నవాడు రాజలింగు. పలకకు జానెడు పైన తాడు తెగింది. విశ్వవిద్యాలయం ఆలస్యం చెయ్యకుండా అదే రోజు మరమ్మతు చేయించింది (తాడుకు). ముడి వేసి స్టోరులో పెట్టారు. రాజలింగు ఇప్పుడు గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని సైకిళ్లకు టోకెన్లు ఇస్తున్నాడు. కర్ర సాయం లేకుండా లేవలేడు.

ఈ ఏడు మాణికేశ్వర్ నగర్ మొగిలి వంతు వచ్చింది. ఢిల్లీ నుంచి తనిఖీ బృందం వస్తోంది, మాస్టు మెరవాలి, ఎక్కకపోతే రోజుకూలీల్లోంచి పేరు తీసేస్తామన్నారు. మొగిలి స్టోర్స్ ఆఫీసరు కొండయ్య ముందు నిలబడ్డాడు.

"సార్, గా తాడు మీద నేనెక్క. కొత్తది ఇప్పియ్యుండ్రి."

"పాతది చెడిపోయిందని ఎవురన్నా రాసిస్తే కదప్పా కొత్తది ఇచ్చేది," అన్నాడు కొండయ్య. ఆయనది కడప. మనసు మంచిది, రూలు గట్టిది.

"తెగింది గద సార్. రాజలింగన్న పడలే?"

"పడింది రాజలింగు. తాడు స్టోర్లోనే ఉండాది కదా."

ఈ మాటలు విన్న పార్థసారథిగారు ఊరుకోలేకపోయారు. ఆయన నిజంగా సముద్రం చూసిన మనిషి. సరుకు ఓడల మీద కెప్టెనుగా చేసి రిటైరై, ఇక్కడ కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతున్నారు.

"ఓడలో పద్ధతి వేరండీ," అన్నారు. "తాడు బాగుందని సంతకం పెట్టేవాడు ముందు తనే ఆ పలక మీద కూర్చుని చూపించాలి. లేదా మనిషంత బరువు కట్టి లాగించి చూపించాలి. ఆ తర్వాతే మనిషి ఎక్కేది."

వైస్ చాన్సలర్ కమలాదేవి గారికి ఈ పద్ధతి ఎంతో నచ్చింది. ఢిల్లీవాళ్లకు చూపించడానికి బాగుంటుందని అదే రోజు సర్క్యులర్ వేయించారు. సంతకం పెట్టేవారు కూర్చోవాలన్న వాక్యం అందులో ఉందని సంతకం పెట్టేవారు తర్వాత గమనించారు.

ఇక చూడండి, ఆ వారం క్యాంపస్ డిస్పెన్సరీలో ఎత్తులు చూస్తే కళ్లు తిరిగే జబ్బు విపరీతంగా ప్రబలింది. పై గ్రేడుల వారిని మరీ పట్టుకుంది. కొండయ్యకు మోకాలు, ఇంజనీరుకు నడుము. రిజిస్ట్రారుకు మాత్రం వంశపారంపర్యమట (వాళ్ల తాతగారు కూడా ఎప్పుడూ మాస్టు ఎక్కలేదు). పార్థసారథిగారు నేను కూర్చుంటానన్నారు గానీ, సంతకాధికారం లేని బరువు చెల్లదని తేల్చారు.

ఇక మిగిలింది మనిషంత బరువు. ఇసుక బస్తా తేవాలంటే టెండరు పిలవాలి. అప్పుడు కొండయ్యకు ఈ తాడు మీద నడిచిన ఫైలు గుర్తొచ్చింది. మెడికల్ సర్టిఫికెట్లు, వాటి నకళ్లు, సంజాయిషీలు అన్నీ కలిపి ఎర్ర నాడాలతో పెద్ద మూటయింది. క్యాంటీన్ బియ్యం కాటాలో ఒకవైపు మొగిలిని కూర్చోబెట్టి, రెండోవైపు ఫైలు పెట్టారు. మొగిలే కొంచెం ఎక్కువ తూగాడు. ఇంకొన్ని సంజాయిషీలు అడిగి సరిపెట్టారు.

ఫైలును పలక మీద కట్టి లాగారు. ఠీవిగా లేచింది. మాస్టు కొస దాకా వెళ్లాక ముడి జారింది. ఫైలు సిమెంటు డెక్కు మీద పడి విచ్చిపోయింది. కాగితాలు గాలికి తార్నాక చౌరస్తా దాకా వెళ్లాయి. అందరూ వాటి వెంట పరుగెత్తారు. మొగిలి మాత్రం కదల్లేదు, డెక్కు మీద ఫైలు పడిన చోటునే చూస్తూ కూర్చుండిపోయాడు.

"నా అంత బరువే సార్ గది," అన్నాడు ఎవరితోనో. నేనక్కడే క్యాంటీన్‌లో ఉన్నాను. చేతిలోని చాయ్ తాగబుద్ధి కాలేదు.

ఫైలు పడటాన్ని విశ్వవిద్యాలయం తేలిగ్గా తీసుకోలేదు. సాయంత్రానికి విచారణ సంఘం, మర్నాటికి కొత్త నైలాన్ తాడు. దాని రసీదు మీద 'ఫైళ్లు ఎత్తుటకు మాత్రమే' అని స్పష్టంగా ఉంది. మనుషులకు పాత తాడు (కొత్త ముడితో) ఎలాగూ ఉంది. మొగిలి ఎక్కనని గేటు వైపు నడిచాడు.

కొండయ్యే వెనక్కి పిలిచాడు. కాసేపు రూళ్ల పుస్తకం తిరగేసి, అట్టముక్క మీద ఒక నంబరు రాసి, ఎర్ర నాడాతో మొగిలి చొక్కా గుండీకి కట్టాడు. రిజిస్టర్లో 'ఫైలు ఒకటి, పైకి' అని రాసుకున్నాడు. మొగిలి కొత్త తాడు మీద వెళ్లి, రంగు వేసి, క్షేమంగా దిగాడు. 'ఫైలు ఒకటి, కిందికి' అని కూడా రాశారు. ఢిల్లీ బృందం మాస్టును చూసి ఎంతో మెచ్చుకుంది.

ఆ సాయంత్రం కొండయ్య సైకిలు తీసుకుంటుంటే, రాజలింగు టోకెను అందుకుని అడిగాడు.

"సార్, గా నంబరేదో పోయినేడు నాకు గూడ కట్టకపోతిరి?"

కొండయ్య నిజంగానే నొచ్చుకున్నాడు.

"అప్పటికింకా ఫైలేదీ పడలేదు కదప్పా."